గౌరవనీయులైన ఆసుపత్రి మంచం గారికి

మంచం గారికి నమస్కరించి రాయునది.

మీరు క్షేమమని తలుస్తాను. మీకేం తక్కువ లెండి, చట్టాలూ నిధులూ మీ చుట్టూనే ప్రదక్షిణలు చేస్తున్నాయి. మా సంగతే బాగాలేదు. మా అమ్మాయి వైద్యం బిల్లులు ఇవాళ మధ్యాహ్నం బీమా కంపెనీ నుంచి తిరిగొచ్చాయి. కారణం ఒకే ముక్క: ఇన్‌పేషెంట్ కాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, అన్నం చల్లారిపోయేదాకా వాళ్ళ మ్యూజిక్ వింటే చివరికి ఒకబ్బాయి పలికాడు.

"డిశ్చార్జ్ సమ్మరీ అప్‌లోడ్ చేయండి మేడమ్, మళ్ళీ ప్రాసెస్‌లో పెడతాం."

"అడ్మిటే కాని పిల్లకి డిశ్చార్జ్ సమ్మరీ ఎవరిస్తారు బాబూ?"

"అదే కదా మేడమ్ ప్రాబ్లమ్."

ఆ అబ్బాయితో పోట్లాడి లాభం లేదు. అసలు అధికారం మీ దగ్గరుంది కాబట్టి మీకే రాస్తున్నాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఉంటే నోరు మూయదు, స్కూల్లో నోరు తెరవదు. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ మిస్" అనలేక, ముందు బెంచీలో కూర్చుని కూడా ఆబ్సెంట్ పడేది. బాత్రూమ్‌కి వెళ్తానని అడగలేక స్కూల్లో మంచినీళ్ళు తాగడం మానేసింది. "సిగ్గు, అదే పోతుంది" అంది మా అత్తయ్య. "పొగరు" అంది టీచరు. రెండూ కాదు, భయానికి సంబంధించిన సమస్య, ఓపిగ్గా చేస్తే తగ్గుతుంది అని చెప్పింది పిల్లల సైకాలజిస్టు మేడమ్.

ఆ మేడమ్ గదిలో మీరు లేరు. నేల మీద చాప, బుట్టనిండా బొమ్మలు, వేలికి తొడుక్కునే గుడ్డ కాకి ఒకటి. మేడమ్ మా పిల్లతో ఏమీ అడగదు. కాకితో కబుర్లు చెబుతుంది, కాకి తప్పులు మాట్లాడుతుంది, పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. అలా చాలా వారాలు గడిచాక ఒకరోజు మా పిల్ల వంగి కాకి చెవిలో ఏదో గొణిగింది. ఏమందో నాకు వినపడలేదు. మేడమ్ మాత్రం నా వైపు చూసి కనుబొమలెగరేసింది. ముప్పావుగంట అయ్యాక ఫీజు కట్టి, చెప్పులేసుకుని, పల్లెవెలుగు ఎక్కి ఇంటికొచ్చేస్తాం. అదీ మేం చేసిన నేరం. అక్కడే పడుకోలేదు.

మంచం గారూ, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మంచి చట్టమే, కాదనను. కానీ అందులో మానసిక ఆరోగ్య సంస్థ అంటే ఏమిటో చదివితే మీ మహిమ తెలుస్తుంది. రోగులు చేరి ఉండే చోటే సంస్థ. రిజిస్ట్రేషన్ దానికే. రిజిస్ట్రేషన్ లేకుండా మిమ్మల్ని వేసుకుని నడిపితే మొదటిసారి అయిదు వేల నుంచి యాభై వేల దాకా జరిమానా. మీరు లేని గదిలో చాప పరిస్తే ఆ చట్టానికి ఆ గది కనపడదు.

కనపడకపోతే ఏమవుతుందో మా ఊరి సెంటర్లోకి వచ్చి చూడండి. టిఫిన్ సెంటర్ పైన మెదడు బొమ్మతో ఫ్లెక్సీ: మెమరీ పవర్, హ్యాండ్‌రైటింగ్, హిప్నాటిజం, చైల్డ్ సైకాలజీ, ఆదివారం కూడా తెరిచి ఉండును. ప్రైవేటు అల్లోపతి ఆసుపత్రుల కోసం రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది గానీ, ఆ గదిలో అల్లోపతీ లేదు, డాక్టరూ లేడు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలని 1992 చట్టం చెబుతోంది. తప్పితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జరిమానా ఎంతంటే, వెయ్యి రూపాయలు మించకూడదు. ఆ ఫ్లెక్సీకే అంతకంటే ఎక్కువయి ఉంటుంది.

బీమా వాళ్ళనీ తప్పుపట్టలేం, చట్టం ప్రకారమే నడుస్తున్నారు. శరీరానికొచ్చే జబ్బుకి ఎలా ఇస్తారో మనసుకొచ్చే జబ్బుకీ అలాగే బీమా ఇవ్వాలంది అదే 2017 చట్టం. అలాగే ఇస్తున్నారు: మామూలుగా అక్కడ ఇరవై నాలుగు గంటలు పడుకోవాలి, ఇక్కడా ఇరవై నాలుగు గంటలు పడుకోవాలి. సమానత్వం.

సరే, పడుకోబెడదామా అంటే, ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. అదే చట్టం సెక్షన్ 87 ఏమంటుందో తెలుసా? పిల్లల్ని చేర్చుకోవడం తప్పనిసరి పరిస్థితుల్లోనే. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. బయట ఉండి చేసే వైద్యాలన్నీ విఫలమయ్యాయనో, పనికిరావనో తేలాలి. చేర్చుకున్న 72 గంటల్లోపు మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలియజేయాలి. అంటే, పిల్లని నీ దగ్గరికి రానీయొద్దని చట్టం మొత్తుకుంటోంది. నీ దగ్గరికొస్తేనే పైసలని బీమా అంటోంది. ఈ రెండిటి మధ్య ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలి? చాప మీద కూర్చుంటే లెక్కలోకి రాదంటివి!

అవును, ఏకవచనమే. గౌరవం అయిపోయింది.

పిల్లల మానసిక వైద్య సేవలు ప్రభుత్వం ఏర్పాటు చేయాలని సెక్షన్ 18లో ఉంది. ప్రభుత్వం పెట్టాల్సిన సేవలు జిల్లాలో లేకపోతే అదే జిల్లాలో ఇంకెక్కడైనా చేయించుకోవచ్చు, ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలని కూడా అక్కడే ఉంది. చదివి ఎగిరి గంతేశాను. ఆ ఖర్చు ఎక్కడ చేస్తే ఇస్తారో చూస్తే "సంస్థ"ల్లోనట. సంస్థ అంటే మళ్ళీ నువ్వే! చట్టంలో ఏ సెక్షన్ దుప్పటి ఎత్తి చూసినా కింద నీ కాళ్ళే.

మా జిల్లాలోనూ సర్కారు వారి సత్వర చికిత్స కేంద్రం ఉంది. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన పథకం కింద పుట్టింది, పద్దెనిమిదేళ్ళ దాకా చూడాలి. గోడకి జిరాఫీ బొమ్మ, సైకాలజిస్టు పేరుకి బోర్డు, బోర్డు మీద పేరుండాల్సిన చోట తెల్ల రంగు. "నోటిఫికేషన్ పడుతుందమ్మా" అన్నారు. ఎప్పుడో చెప్పలేదు. ఇంకోవైపు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి నడుస్తోంది. జిల్లాకి ఏడాదికి 83.2 లక్షల దాకా సాయం అని కేంద్రం కాగితం. మా దాకా వచ్చేసరికి ఆ తెల్ల రంగే మిగిలింది.

ఫోన్లోనే మానసిక సలహా ఇచ్చే సర్కారు వారి టెలిమానస్ ఉంది కదా, 14416కి చేయమన్నారు పక్కింటి వాళ్ళు. మంచి నంబరే. కానీ మా పిల్ల సమస్యే మాట్లాడకపోవడం తల్లీ.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సర్వే 12 రాష్ట్రాల్లో చేశారు. వాటిలో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. మా అమ్మాయి వయసూ లేదు. ఇక లెక్కెవడు అడుగుతాడు?

నిజానికి నీ పలుకుబడి చట్టం కంటే పాతది. మన వాళ్ళకి మనసు వైద్యం అంటే ఎర్రగడ్డ, లేదంటే చినవాల్తేరు. పిల్లాడు అల్లరి చేస్తే "పంపించేస్తా" అని బెదిరించే ఊరిపేర్లు అవి. ఏ మంత్రిగారొచ్చినా "వంద పడకల ఆసుపత్రి" అంటేనే చప్పట్లు. ముప్పై చాపల ఆసుపత్రికి ఎవరైనా శంకుస్థాపన చేశారా?

నీమీద పగేం లేదు. మా నాన్న గుండె ఆపరేషనప్పుడు నీ కోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నామో నాకు గుర్తుంది. ఒక బోల్టు ఊడిపోయినా ఆయన్ని మోశావు. ఎవరికి నువ్వు కావాలో వాళ్ళకి దొరకాలి. మా పిల్లకి అక్కర్లేదు, అంతే.

మా ఆయన ఒక ఐడియా ఇచ్చాడు. మేడమ్ గదిలో మడతమంచం ఒకటి వేయించి, దానిమీద చాప పరిస్తే సరిపోతుందట. అప్పుడు మేడమ్ రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి, నిపుణుల్ని పిలిపించాలి, బోర్డుకి లెటర్లు రాయాలి, రాత్రికి కాపలా పెట్టాలి. కాకి కూడా నైట్ డ్యూటీ చేయాలి. నా బిల్లు పాసయ్యే లోపు మేడమ్ క్లినిక్ మూసేసి బెంగళూరు వెళ్ళిపోతుంది.

కాబట్టి ఇప్పటికి కంపెనీ వాళ్ళకే మళ్ళీ అర్జీ పెట్టాను, సెక్షన్లతో సహా. నెలలోపు జవాబివ్వకపోతే, ఇచ్చినా ఇదే పాట పాడితే, హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడికి వెళ్తాను. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి ఇంకో కాగితం తయారుగా ఉంది: ఆ తెల్ల రంగు మీద పేరు రాయించండి అని. నీకు పంపేది నకలు మాత్రమే.

ఇట్లు,
మూడో తరగతి అమ్మాయి తల్లి