రన్నింగ్ మేట్ ఓట్లు తేడు, వారసుడవుతాడు

2024 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫలితాలొచ్చిన మర్నాడు డాలస్‌లో ఉండే మా బావ ఫోన్ చేసి, హలో కూడా అనకుండా మొదలుపెట్టాడు. "ఆ షపీరోని పెట్టుకుని ఉంటే గెలిచేది కదరా!" ఆయన ఒక్కడే కాదు, ఆ వారం టీవీల్లో సగం మంది పండితులు ఇదే పాట పాడారు. పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షపీరోని కాదని మిన్నెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్‌ని రన్నింగ్ మేట్‌గా, అంటే తనతో పాటు ఉపాధ్యక్ష పదవికి నిలబడే మనిషిగా, ఎంచుకోవడమే కమలా హారిస్ కొంప ముంచిందని.

లెక్క వేసి చూద్దాం. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఇన్నని ఎలక్టోరల్ ఓట్లుంటాయి, దాదాపు అన్నిచోట్లా రాష్ట్రం గెలిచినవాళ్లకే అవన్నీ. కమలకి వచ్చినవి 226. పెన్సిల్వేనియావి 19. షపీరో వచ్చి ఆ రాష్ట్రాన్ని తీసుకొచ్చి చేతిలో పెట్టాడనే అనుకున్నా మొత్తం 245, గెలవడానికి కావాల్సింది 270. ఇంకా 25 ఎక్కణ్నుంచి తెస్తాం? పోటాపోటీగా ఉన్న 7 రాష్ట్రాలూ ట్రంప్‌కే పోయాయి. షపీరో ముఖం చూసి జార్జియా, మిషిగన్ మనసు మార్చుకుంటాయా? ఇదే చెప్తే బావ కాసేపు ఆగి "అయినా సరే" అన్నాడు. ఈ చర్చ ఎప్పుడూ ఆ "అయినా సరే" దగ్గరే ఆగిపోతుంది.

రన్నింగ్ మేట్ తన సొంత రాష్ట్రం ఓట్లు తెస్తాడన్న నమ్మకం ఇవాళ్టిది కాదు, ఎన్నిసార్లు తప్పని తేలినా చావదు. 2004లో ఎడ్వర్డ్స్ నార్త్ కరోలినా తేలేదు, 2012లో పాల్ ర్యాన్ విస్కాన్సిన్ తేలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ 1988ది. డెమొక్రటిక్ అభ్యర్థి డుకాకిస్ పక్కన నిలబడ్డ లాయిడ్ బెంట్సన్ టెక్సస్ సెనెటర్, అక్కడి చట్టం రెండు పదవులకీ పోటీ చేయనిస్తుంది కాబట్టి సెనెట్‌కీ నిలబడ్డాడు. టెక్సస్ జనం అదే రోజు, అదే బ్యాలెట్ మీద ఆయన్ని సెనెటర్‌గా గెలిపించి, అధ్యక్షుడి ఓటు మాత్రం ప్రత్యర్థి సీనియర్ బుష్‌కి వేసి ఇంటికెళ్లిపోయారు. ఇంతకంటే తేటగా జనం ఇంకేం చెప్తారు?

"మరి 1960 సంగతేంటి, రన్నింగ్ మేట్‌గా టెక్సస్ సెనెటర్ జాన్సన్ లేకపోతే కెనడీ గెలిచేవాడా" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. దక్షిణాది రాష్ట్రాల్లో జాన్సన్ తిరగడం కెనడీకి బాగానే పనికొచ్చింది, టెక్సస్‌ని 50 వేల లోపు తేడాతో గెలిచారు. కానీ కెనడీకి వచ్చినవి 303, టెక్సస్ 24 తీసేసినా 279, అప్పటి గెలుపు గీత 269. ఒక్క టెక్సస్ వల్లే గద్దె దక్కిందన్నది మాత్రం కథే.

అసలు ఆ ఎంపిక జరిగిన తీరు చూడండి. లాస్ ఏంజెలెస్‌లో బిల్ట్‌మోర్ హోటల్, జులై 14. పై అంతస్తులో కెనడీ, రెండంతస్తుల కింద జాన్సన్. పొద్దున్నే కెనడీ కిందకి దిగి అడిగాడు, జాన్సన్ ఒప్పుకున్నాడు. ఈలోగా కార్మిక సంఘాల నాయకులూ ఉదారవాదులూ ఇదేం పనంటూ పైకొచ్చి గొడవ. తమ్ముడు బాబీ ఒకటికి రెండుసార్లు మెట్లు దిగి వెళ్లి, మీరు తప్పుకుంటే బాగుంటుందేమో అని నసిగాడు. జాన్సన్ తప్పుకోలేదు, సాయంత్రానికి పేరు ఖాయమైంది. ఇంతా చేసి ఓ మధ్యాహ్నం జరిగిన తతంగం.

మూడేళ్లకి డాలస్‌లో కెనడీని కాల్చి చంపారు, కుర్చీ జాన్సన్‌దయింది. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం, వియత్నాంలోకి లక్షల సైన్యం, ఇవన్నీ జాన్సన్ హయాంలోవే. 1965 అక్టోబరు 3న సంతకం పెట్టిన వలస చట్టం కూడా. దేశాలవారీ పాత కోటాలు తీసేసి మన డాక్టర్లకీ ఇంజినీర్లకీ తలుపు తెరిచింది అదే. ఆ సంస్కరణ కెనడీ ఆలోచనే, కాదనను, కానీ కాంగ్రెస్ మెడలు వంచి దాన్ని గట్టెక్కించినవాడు జాన్సన్. మా బావ డాలస్‌లో ఉండి నాకు ఫోన్ చేసి తిట్టగలుగుతున్నాడంటే అందులో ఆ హోటల్ మెట్ల పాత్ర కూడా కొంత ఉంది.

మనకిది వెంటనే బుర్రకెక్కదు, ఎందుకంటే మన ఉపరాష్ట్రపతి పద్ధతి వేరు. 1969లో జాకీర్ హుస్సేన్ చనిపోతే వి.వి.గిరి తాత్కాలికంగా కూర్చున్నారు, తర్వాత ఎన్నికలో నిలబడి గెలిస్తేనే రాష్ట్రపతి అయ్యారు. అమెరికాలో అలా కాదు, అధ్యక్షుడు పోతే మిగిలిన కాలమంతా ఉపాధ్యక్షుడిదే, మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు. అలా మధ్యలో కుర్చీ ఎక్కినవాళ్లు 9 మంది.

1944లో డెమొక్రటిక్ పార్టీ పెద్దలకి ఈ సంగతి బాగా తెలుసు. రూజ్‌వెల్ట్‌ని చూస్తేనే మనిషి అయిపోయాడని అర్థమవుతోంది, నాలుగో టర్మ్ పూర్తి చేయడని లోపల్లోపల అందరికీ తెలుసు. ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ మరీ ఎడమవైపు మనిషని పక్కకి తప్పించి మిస్సోరీ సెనెటర్ హ్యారీ ట్రూమన్‌ని తెచ్చారు. పదవిలో 82 రోజులు. 1945 ఏప్రిల్ 12 సాయంత్రం స్పీకర్ గదిలో గ్లాసు పట్టుకోబోతుంటే వైట్‌హౌస్ నుంచి కబురు. వెళ్తే ఎలినార్ రూజ్‌వెల్ట్ భుజం మీద చెయ్యి వేసి, ఆయన పోయారని చెప్పింది. నేనేమైనా చేయగలనా అని ట్రూమన్ అడిగితే, ఇప్పుడు కష్టంలో పడ్డది మీరు, మేమే మీకేమైనా చేయాలి అందట. అణుబాంబు గురించి పూర్తి వివరాలు ఆయనకి తెలిసింది ఆ తర్వాత 13 రోజులకి.

చావులు సరే, అవి లేకపోయినా లెక్క ఇలాగే ఉంటుంది. ట్రూమన్ నుంచి కమల దాకా ఉపాధ్యక్షులు 16 మంది. (ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ మధ్యలో నియమితులైనవాళ్లే, అయినా కలిపాను.) వాళ్లలో 10 మంది తర్వాత ఎప్పుడో ఒకప్పుడు పార్టీ టికెట్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేశారు. అంటే ఒక మనిషి నలుగురు సలహాదారులతో కూర్చుని, రెండు వారాల టెన్షన్‌లో తీసుకునే నిర్ణయం, పార్టీకి పదేళ్ల తర్వాత నాయకుడెవరో తేల్చేస్తోంది. దీన్ని పట్టుకుని మనం పెన్సిల్వేనియా లెక్కలు వేస్తాం!

హడావుడిగా చేస్తే ఏమవుతుందో 1972లో డెమొక్రటిక్ అభ్యర్థి మెక్‌గవర్న్‌కి తెలిసొచ్చింది. అడిగినవాళ్లందరూ వద్దనడంతో గడువు ముంచుకొచ్చాక సెనెటర్ ఈగల్టన్‌కి ఫోన్, నాలుగు ప్రశ్నలు, అంతే. తర్వాత ఆయన గతంలో డిప్రెషన్‌తో ఆస్పత్రిలో చేరాడనీ కరెంటు షాక్ చికిత్స జరిగిందనీ బయటపడింది, ఆయన వెనక వెయ్యి శాతం ఉన్నానన్న మెక్‌గవర్న్ 18వ రోజుకి వదిలేశాడు. చేనీ కథ ఇంకో రకం. 2000లో జూనియర్ బుష్‌కి రన్నింగ్ మేట్‌ని వెతికిపెట్టే పని ఆయనదే, సంబంధం చూడమని పంపిస్తే మధ్యవర్తే పెళ్లికొడుకయ్యాడు. ఇద్దరూ టెక్సస్ నివాసులైతే ఆ రాష్ట్ర ఎలక్టర్లు (ఎలక్టోరల్ ఓట్లు వేసే ప్రతినిధులు) ఇద్దరికీ ఓటేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు కాబట్టి, ఓటరు నమోదు హుటాహుటిన వయోమింగ్‌కి మార్చుకున్నాడు.

ఇక 2024లో ట్రంప్ రన్నింగ్ మేట్, అప్పటి ఒహాయో సెనెటర్ వాన్స్. 2024 జులైలో ఆయన పేరు ప్రకటించగానే మన ఛానళ్లు కెమెరాలేసుకుని గోదావరి జిల్లాల్లోని వడ్లూరుకి పరిగెత్తాయి, భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరని. అల్లుడు అన్న మాట మోగిపోయింది. మోగనివ్వండి, కానీ ట్రంప్ ఆయన్ని ఎందుకు ఎంచుకున్నాడన్నది అక్కడ తేలేది కాదు. ఒహాయో ఎలాగూ ట్రంప్‌దే, ఓట్ల కోసం వాన్స్ అక్కర్లేదు. 2016లో క్రైస్తవ ఓటర్ల కోసం తెచ్చుకున్న మైక్ పెన్స్ 2021 జనవరి 6న, ట్రంప్ ఓడిన ఎన్నిక ఫలితాన్ని కాంగ్రెస్ ఖాయం చేసే రోజున, ఎదురుతిరిగాడు, ఫలితాన్ని ఆపనన్నాడు. వాన్స్‌ని అదే అడిగితే, తానైతే రాష్ట్రాల నుంచి వేరే ఎలక్టర్ల జాబితాలు కూడా తెప్పించి కాంగ్రెస్‌లో తేల్చుకోమనేవాడినని ముందే చెప్పాడు. ఒకప్పుడు ట్రంప్‌ని తిట్టిపోసిన మనిషే ఇలా మాట్లాడాడు. ఆ జవాబే ఆయన అసలు అర్హత అని నా అనుమానం.

ప్రమాణం చేసేనాటికి ట్రంప్‌కి 78, వాన్స్‌కి 40. ట్రంప్‌ని మళ్లీ ఎన్నుకోవడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. మొన్న బావ మళ్లీ ఫోన్ చేశాడు, 2028లో వాన్స్ నిలబడితే ఏం చేయాలో తెలియట్లేదట, "మన అల్లుడు కదా" అని వాళ్లావిడ అంటోందట. 16 మందిలో 10 మంది లెక్క చెప్పాను. "ఈసారి రన్నింగ్ మేట్ ఎవరంటావ్?" అన్నాడు.