ఎలుకలు కొరికిన అణుబాంబు

దేవాసుర యుద్ధాలకు అర్థం చెప్పడం, అంటే పురాణాల్లో అణుబాంబులూ క్షిపణులూ వెతికి చూపించడం, ఈ రోజుల్లో పెట్టుబడి లేని వృత్తి. సంస్కృతం అక్కర్లేదు, వస్తే కొంచెం ఇబ్బంది కూడా. ఒక ఫోను, ఒక మైకు, గొంతులో కాస్త గాంభీర్యం ఉంటే చాలు. కొత్తగా ఈ రంగంలో దిగేవాళ్ళ సౌకర్యం కోసం పనితనం వివరంగా చెబుతాం. మొదటి పాఠానికి, మహాభారతంలో యాదవులు నశించిన కథ చెప్పే మౌసల పర్వాన్ని మించింది లేదు.

ఆ పర్వంలో అణుబాంబు పేలిందంటూ ఏళ్ళ తరబడి ఫోన్లలో తిరుగుతున్న పేరా ఒకటుంది కదా: ఒకే ఒక్క అస్త్రం, పదివేల సూర్యుల వెలుగు, యాదవుల్లోని వృష్ణులూ అంధకులూ బూడిద, జుట్టూ గోళ్ళూ ఊడిపోవడం, కుండలు వాటంతటవే పగలడం, పక్షులు తెల్లబడటం. చదవగానే హిరోషిమా గుర్తుకు రావాలి. వస్తుంది. కానీ ఆ సూర్యులు మౌసలంలో లేరు. వెతికితే భీష్మపర్వంలో, గీత పదకొండో అధ్యాయం పన్నెండో శ్లోకంలో కనిపిస్తారు: 'దివి సూర్యసహస్రస్య'. అక్కడున్నది విశ్వరూపం, పేలుడు కాదు. సూర్యులు కూడా వెయ్యే. మిగతా తొమ్మిది వేలూ ఫార్వర్డ్ చేసినవాళ్ళ చందా. భీష్మపర్వం ఆరోది, మౌసలం పదహారోది. కథలో చూస్తే మధ్యన 36 ఏళ్ళు. కుట్టు కనబడకుండా అతకడమే విద్య.

ఇక జుట్టు, గోళ్ళు. మూలంలో అవి ఊడవు. ద్వారక వీధుల్లో ఎలుకలు పెరిగిపోయి, రాత్రిళ్ళు నిద్రపోతున్నవాళ్ళ జుట్టూ గోళ్ళూ కొరికి తింటాయి. వ్యాఖ్యాత చేయవలసిందల్లా ఆ ఎలుకను తీసేయడం. ఎలుక ఉన్నంతసేపూ అది అపశకునం. ఎలుక పోయిందా, రేడియేషన్. పక్షులదీ ఇదే కథ. 'పాండురా రక్తపాదాశ్చ' అన్నారు, అంటే పాలిపోయిన రంగు, ఎర్రటి కాళ్ళు. ఎర్రకాళ్ళను వదిలేయాలి. అదే జాబితాలో ఆవుకు గాడిద, ముంగిసకు ఎలుక పుట్టాయని ఉంది. జన్యువులు దెబ్బతిన్నాయని చెప్పి ఇవి వాడుకోవచ్చు. సారసాలు గుడ్లగూబల్లా, మేకలు నక్కల్లా కూశాయన్న చోట మాత్రం ఆగండి. అణుధార్మికత తగిలి మేకకు మిమిక్రీ వచ్చిందంటే వెనక వరసలో ఎవడో ఒకడు నవ్వుతాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఈ శకునాలన్నీ చావులకు ముందు కనిపించినవి. అంటే బాంబు పడకముందే జుట్టు పోయింది. ఎవరైనా ఈ మాట అడిగితే 'కాలం సాపేక్షం' అనేసి ఐన్‌స్టీన్ పేరెత్తండి.

బాంబు సంగతికొస్తే, అది కృష్ణుడి కొడుకు సాంబుడి కడుపున పుట్టిన ఇనుప రోకలి. యాదవులు అతనికి గర్భిణి వేషం కట్టించి మునుల్ని ఆటపట్టించినందుకు తగిలిన శాపం. రాజు దాన్ని పొడి కొట్టించి సముద్రంలో కలిపించాడు. ఊళ్ళో ఎవరూ మద్యం కాయకూడదని చాటింపు కూడా అయింది. ప్రభాస తీర్థంలో ఆ నిషేధానికి పట్టిన గతి మనవాళ్ళకు కొత్తేం కాదు. తాగారు, పాత గొడవలు తవ్వుకున్నారు, యాదవ వీరుల్లో సాత్యకి కృతవర్మ తల నరికాడు, ఆ తర్వాత పీకిన ప్రతి ఎరక గడ్డీ రోకలై, దాంతో ఒకరినొకరు బాదుకుని పోయారు. ఎరకంటే మన తుంగలాంటిదే. తిక్కనగారు ఈ పర్వాన్ని తెలుగు చేసి పెట్టారు కనుక, ఇంట్లో భారతం ఉన్న శ్రోతలతో జాగ్రత్త.

గడ్డి అన్నాం కాబట్టి ఒక రహస్యం. మన అణు కార్యక్రమం మొత్తం గడ్డిమీదే నడిచింది. అశ్వత్థామ బ్రహ్మశిరమనే అస్త్రాన్ని మంత్రించింది ఈషీక మీద, అదీ గడ్డిపోచే. రాముడు కాకాసురుడి మీద వదిలింది దర్భ. ఆ కాకి మూడు లోకాలూ తిరిగినా వదల్లేదు. చివరికి కుడికన్ను ఇచ్చుకుని బతికింది. లక్ష్యాన్ని వెంటాడే క్షిపణికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి? లక్ష్యం కాకి అని మాత్రం చెప్పకండి. బ్రహ్మశిరాన్ని మరో పరమాస్త్రం అడ్డుకున్న చోట పన్నెండేళ్ళు వాన పడదన్న మాట బంగారం, తప్పక వాడండి. నారాయణాస్త్రం జోలికి పోవద్దు. ఆయుధం కింద పెట్టి రథం దిగితే అది ఏమీ చేయదు. దిగనన్న భీముణ్ణి కృష్ణార్జునులు లాగి దించాల్సి వచ్చింది. బండి దిగితే వదిలేసే గుణం ట్రాఫిక్ పోలీసుకు ఉండొచ్చేమో గానీ అణుబాంబుకు లేదు.

అమెరికా అణుబాంబు తయారీని నడిపిన శాస్త్రవేత్త ఒపెన్‌హైమర్ లేకుండా వీడియో ముగించకూడదు. 1945 జూలై 16న బాంబు పేలాక గీత గుర్తొచ్చిందని ఆయనే తర్వాత చెప్పాడు. ఆయనకు సంస్కృతం వచ్చు. అయినా బాంబు ఫిజిక్సు లెక్కలతోనే చేశాడు. ఆ వాక్యం దాటేయండి.

ఈ వృత్తికి అసలు శత్రువు నాస్తికుడు కాదు, వేదపదాలకు అర్థాలు చెబుతూ నిరుక్తం రాసిన యాస్కుడు. ఇంద్రుడు చంపిన వృత్రుడెవరని నిరుక్తంలో ఆయనే ప్రశ్న వేసుకున్నాడు. మేఘమని నైరుక్తులు (పదాల పుట్టుక చూసి అర్థం చెప్పేవాళ్ళు), త్వష్ట కొడుకైన అసురుడని ఐతిహాసికులు (పాత కథల ప్రకారం చెప్పేవాళ్ళు) అంటారన్నాడు. నీళ్ళూ వెలుగూ కలిస్తే వాన. 'తత్రోపమార్థేన యుద్ధవర్ణా భవంతి', యుద్ధమన్నది పోలిక కోసం. క్రీస్తుకు ముందే ఇలా ఒక్క వాక్యంలో తేల్చి పారేస్తే రెండు గంటల ఉపన్యాసం ఎక్కడినుంచి లాగాలి? లోకమాన్య తిలక్ నయం, 1903లో ఆ పోరును ధ్రువప్రాంతపు సుదీర్ఘమైన చీకటి దాకా తీసుకెళ్ళి, పెద్ద పుస్తకానికి సరిపడా పని కల్పించాడు.

కొత్తవాళ్ళ కోసం అంతగా రద్దీ లేని గడ్డిపోచ ఒకటి మిగిలుంది. కేనోపనిషత్తులో దేవతలు అసురుల మీద గెలిచి, ఈ గెలుపు మాదే అనుకుంటుంటే, యక్షం, అంటే వాళ్ళు పోల్చుకోలేని రూపంలో బ్రహ్మమే, వచ్చి ఒక గడ్డిపోచ ముందు పెట్టింది. అగ్ని కాల్చలేకపోయాడు. వాయువు కదపలేకపోయాడు. రాకెట్టు కిందికి దిగేటప్పుడు వేడిని తట్టుకునే పలక ఇదేనని ధైర్యంగా చెప్పొచ్చు. యక్షం ఎందుకు వచ్చిందన్న ముక్క కత్తిరించండి. థంబ్‌నెయిల్‌కు ఆకుపచ్చ రంగు బాగా నప్పుతుంది.