ఒక ఆడపిల్ల తండ్రి ఫిర్యాదు

పెళ్లిలో వడ్డన చాలలేదన్న మాట పడిన తండ్రి పదేళ్లపాటు బంధువుల ఇళ్లలో తలదించుకొని తిరగవలసిందే. అదే పెళ్లిలో సగం వంట మిగిలిపోతే ఆయనను పల్లెత్తు మాట అనేవారు ఉండరు సరికదా, ఎంత ఘనంగా చేశారండీ అని మెచ్చుకొనేవారే ఉంటారు. ఇంత పకడ్బందీగా నడుస్తున్న ఏర్పాటును కూలదోయడానికి హైదరాబాదులో కొందరు కాలేజీ విద్యార్థులు నడుం కట్టారని, మొన్నటి మాఘమాసంలో వారి చేతికి నేనే చిక్కానని చింతిస్తూ మనవి చేసుకొంటున్నాను.

మా పెద్దమ్మాయి పెళ్లికి 800 ప్లేట్లు చెప్పాను. శుభలేఖలో 'సకుటుంబ సపరివార సమేతంగా' అని అచ్చు వేయించిన మనిషి అంతకంటే తక్కువ చెప్పలేడు. వస్తున్నామనో రాలేమనో ముందుగా కబురు పెట్టే అలవాటు మనవాళ్లకు లేదు. ముహూర్తం గట్టిది కాబట్టి ఆ రాత్రి ఊళ్లో ఏ ఫంక్షన్ హాలూ ఖాళీ లేదు. మూడు శుభలేఖలు అందుకున్న కుటుంబం మూడు చోట్లా అక్షింతలు వేసి ఒక్కచోటే భోంచేస్తుంది, కానీ వంట మాత్రం ఆ కుటుంబం పేరిట మూడు చోట్లా జరిగిపోయి ఉంటుంది. చివరికి 550 మంది వచ్చారు. వారైనా 42 రకాలలో ఏ ఎనిమిదింటినో రుచి చూశారు, ఎందుకంటే పానీపూరీ, మంచూరియా, దోసెల కౌంటర్లు దాటుకొని పనసపొట్టు కూర దాకా ఆకలితో చేరగలిగిన మానవుడు ఇంకా పుట్టలేదు.

రాత్రి 10.30కు, పెళ్లికొడుకు ఇంకా పీటల మీదకు రాకముందే, నలుగురు కుర్రాళ్లు, ఇద్దరు అమ్మాయిలు కడిగి ఆరబెట్టిన మూతల డేక్షాలతో ఆటో దిగారు. వంట మేస్త్రీయే ఫోన్ చేశాడట. పిలవని పేరంటానికి వచ్చారేమో అనుకొని, పోనీలే పిల్లలు కదా అని, "కూర్చోండి బాబూ" అన్నాను. "తినడానికి కాదంకుల్, తీసుకెళ్లడానికి" అన్నారు. అని, నా డబ్బుతో వండించిన వంట ముందు నన్నే నిలబెట్టి విచారణ మొదలుపెట్టారు. అన్నం ఎన్నింటికి దించారు? పప్పు మీద మూత ఉందా? గరిటె పెట్టిన గిన్నె ఏది, పెట్టనిది ఏది? కొబ్బరి పచ్చడిని వాసన చూసి పక్కన పెట్టారు. పెరుగన్నం పులిసిపోతుందని వద్దన్నారు. విస్తళ్లలో వదిలేసినది అసలు ముట్టుకోం అన్నారు. చింతపండు, నూనె దండిగా పట్టిన పులిహోరను చూసి మాత్రం, పొద్దుటిదాకా నిలుస్తుందని సంబరపడ్డారు. పప్పు ఏ వేళకు పాడవుతుందో పందొమ్మిదేళ్ల పిల్లకు తెలిసి ఉండడం నన్ను కలవరపెట్టింది. ఇంజినీరింగులో ఆ పాఠం లేదని తరువాత వాకబు చేసి తెలుసుకున్నాను. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చిందని కూడా ఆ పిల్లే చెప్పింది. పంచేవాడికి ఇన్ని నియమాలు ఉన్నాయి గానీ, అర్ధరాత్రి గోడ వెనక సాంబారు పారబోసేవాడిని ఎన్నింటికి దించావని అడిగిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు.

అసలు ఘోరం ఆ తరువాత జరిగింది. ఒక కుర్రాడు సంచిలోంచి చేతికాటా తీసి, ఒక్కొక్క డేక్షానూ తగిలించి తూచి, పులిహోర 24 కిలోలు, తెల్లన్నం 61 కిలోలు అంటూ చీటీ మీద రాసి, కింద నా చేత సంతకం పెట్టించుకున్నాడు. పారబోసి ఉంటే 'ఏదో కొంచెం మిగిలిందండీ' అని చెప్పుకొనేవాణ్ని. కొంచెం అనే మాటకు కిలోలు ఉండవు. 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసిందని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చినప్పుడు నాకు చీమ కుట్టినట్టయినా లేదు, ఎందుకంటే ఆ కోట్లలో నా పేరు లేదు. ఈ చీటీలో ఉంది.

అనుమానం తీరక మా బావమరిదిని వారి వెంట పంపాను. ఉస్మానియా ఆసుపత్రి బయట, రోగుల తాలూకు మనుషులు దుప్పట్లు పరుచుకొని పడుకొనే చోట వడ్డించారట. ఒక ముసలాయన బూరె మారు అడిగి, ఎవరి పెళ్లి అని ఆరా తీసి, పిల్ల చల్లగా ఉండాలన్నాడట. చదివింపులు చదివించకుండా దీవించే అధికారం ఆయనకు ఎవరిచ్చారో తెలియదు. అన్నదానం గురించి మాకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి ఏరు దాటి వచ్చినవారికి కూడా పొయ్యి వెలిగించి పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు బడి భోజనానికి పెట్టుకున్నవాళ్లం. ఆవిడ ఆకలి ఉన్నవాడి కోసం వండింది, మేం ఆకలి లేనివాడి కోసం వండుతున్నాం. తేడా అంతే.

చీటీని చింపేద్దామనుకొనేలోపే మా ఆవిడ దాన్ని చదివింపుల పుస్తకంలో అతికించేసింది. మేనమామగారు 10,116 రూపాయలు, పెదనాన్నగారు వెండి కుందులు అన్న వరుసల కింద ఇప్పుడు పులిహోర 24 కిలోలు అని కనిపిస్తోంది. వచ్చే ఏడాది రెండో అమ్మాయి పెళ్లి. ఆ పుస్తకం ముందు పెట్టుకోకుండా ఎన్ని ప్లేట్లో మేస్త్రీకి చెప్పడానికి వీల్లేదట.