కొండ దిగే పొదుపరికి జరిగిన అన్యాయం

కాలి నొక్కుడుకు అదనపు బలం జోడించే కార్ల బ్రేకు బూస్టరులో, గాలి దారులు తెరిచి మూసే కంట్రోల్ వాల్వు తెలుగు గృహస్థుడి పట్ల ఎంత నిర్దయగా ప్రవర్తిస్తోందో ఇప్పటికైనా ఎవరో ఒకరు రాయాలి. పల్లం కనబడగానే న్యూట్రల్ వేసి, తాళం తిప్పి, ఇంజను ఆపి, పెట్రోలు మిగిల్చానన్న తృప్తితో ఘాట్ రోడ్డు దిగే ఆ పొదుపరి ఒకడున్నాడని దాన్ని రూపొందించిన వారికి తోచనే లేదు. 1927లో వాక్యూమ్‌తో, అంటే గాలి లాగేసిన ఖాళీతో, పనిచేసే బూస్టరును తయారుచేసిన ఆల్బర్ట్ దెవాండ్ర్ బెల్జియం ఇంజనీరు. ఆ దేశంలో మరీ ఎత్తయిన కొండలు లేవు గనక ఆయన్ని క్షమిద్దాం. ఆయన తర్వాతి వారి సంగతే తేలాలి.

ఆ వాల్వు చేసే పని చూడండి. బూస్టరు అనే పెద్ద డబ్బాను మధ్యలో డయాఫ్రం అనే కదిలే పొర రెండు గదులుగా విడదీస్తుంది. కాలు పెడల్ మీద లేనప్పుడు రెండు గదుల్లోని గాలినీ ఇంజను లాగేస్తుంది కాబట్టి డయాఫ్రం కదలదు. కాలు మోపగానే వాల్వు ముందుగా గదుల మధ్య దారి మూసి, ఆ తర్వాతే వెనక గదిలోకి బయటి గాలిని వదులుతుంది. ఆ గాలి చాలా కార్లలో మనం కూర్చున్న చోటు నుంచే వెళుతుంది. అంటే తిరుమల నుంచి దిగే కారులో బ్రేకుకు బలమిచ్చేది పులిహోర వాసన నిండిన గాలే. తొమ్మిది అంగుళాల డయాఫ్రం మీద అది పావు టన్ను వరకు తోపు ఇస్తుంది. అడిగినంత బలం అందగానే వాల్వు రెండు దారులూ మూసుకుని ఊరుకుంటుంది. ఎంత నొక్కామో తెలియడానికి రబ్బరు బిళ్ల ఒకటి కొంత బలాన్ని తిరిగి కాలికే పంపుతుంది. అడిగినంతే ఇచ్చి, ఇచ్చినదానికి లెక్క కూడా చెప్పే ఏర్పాటు మన దేశంలో ఇంకెక్కడైనా ఉంటే నాకు చూడాలని ఉంది.

అయితే ఇదంతా ఇంజను తిరుగుతున్నంతసేపే. డీజిల్ బండి వారు తమకు వేరే వాక్యూమ్ పంపు ఉందని మురిసిపోతారు గానీ, సాధారణంగా దాన్ని తిప్పేదీ ఇంజనే. ఆపేశాక, గాలిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వు దాచిన వాక్యూమ్ రెండు మూడు నొక్కులకు సరిపోతుంది. అసలు కుట్ర ఇక్కడే ఉంది. మొదటి మలుపులో బ్రేకు చక్కగా పడుతుంది. రెండో మలుపులోనూ పడుతుంది. తన సిద్ధాంతం రుజువైందని పొదుపరి పక్కవారికి మైలేజీ గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. మూడో మలుపులో పెడల్ బండరాయిలా బిగుసుకుంటుంది. తాళాన్ని ఇంకాస్త వెనక్కి తిప్పి ఉంటే స్టీరింగు కూడా బిగుసుకునే ప్రమాదముంది.

దీన్ని మించిన అవమానం మరొకటుంది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో, గేరు తీయకుండా యాక్సిలరేటరు మీద కాలు మాత్రం తీసి దిగితే, కంప్యూటరే ఇంధనం ఆపేస్తుంది. చక్రాలు ఇంజనును తిప్పుతుంటాయి, వాక్యూమ్ అందుతూనే ఉంటుంది, వేగానికి ఇంజనే కొంత కళ్లెం వేస్తుంది. మనవాడు ప్రాణాలకు తెగించి మిగిల్చే చెంచాడు పెట్రోలును కారు ఎప్పటినుంచో చడీచప్పుడు లేకుండా మిగులుస్తోంది. పైగా న్యూట్రల్‌లో ఇంజను నడిస్తేనే కాస్త ఖర్చు. ఇది తెలిస్తే ఆయన పెళ్లి విందుల్లో ఏం మాట్లాడాలి?

కనుక వాహన తయారీదారులకు నాదొక విన్నపం. వాల్వును మార్చడం మీ వల్ల కాకపోతే కారులోని ప్రతి సీటు ముందూ ఒక బ్రేకు పెడల్ పెట్టండి. బూస్టరు చేసే సాయం కాలి బలానికి సుమారు నాలుగైదు రెట్లు. పొదుపరి కారులో ఐదుగురుంటారు, డ్రైవరు కాక మిగిలిన నలుగురూ మొదటి మలుపు నుంచే కాళ్లు బిగబట్టి నేలను తొక్కుతూ ఉంటారు.