ప్రశ్న వద్దు, పత్రం ముద్దు

వైద్య విద్యార్థులకీ నర్సులకీ ల్యాబ్ టెక్నీషియన్లకీ ఇచ్చే పరిశోధనా శిక్షణ శుద్ధ దండగ అని ఈమధ్య ప్రతివాళ్ళూ నోరు పారేసుకుంటున్నారు. రెండు రోజులు కూర్చోబెడితే సర్టిఫికెట్ తప్ప ఏమొస్తుంది అంటున్నారు. సర్టిఫికెట్ వస్తోంది కదండీ, ఇంకేం రావాలి? నేను మాత్రం ఈ శిక్షణని మనస్ఫూర్తిగా, బేషరతుగా సమర్థిస్తున్నాను. అది చేస్తున్న మేలు ఎంతటిదో దాన్ని తిట్టేవాళ్ళకే కాదు, నడిపే మావాళ్ళకి కూడా తెలిసినట్టు లేదు.

ఆసుపత్రిలో పనిచేసే మనిషికి సందేహాలు వస్తూనే ఉంటాయి. ఈ మందు ఇన్ని గంటలకోసారే ఎందుకు ఇవ్వాలి, ఈ పరీక్ష చేరిన ప్రతివాళ్ళకీ ఎందుకు రాయాలి, రాత్రి రెండింటికి హాయిగా నిద్రపోతున్న పేషెంటుని లేపి బీపీ చూడకపోతే కొంప మునుగుతుందా. ఇవి చాలా ప్రమాదకరమైన సందేహాలు. ఒక్కదానికి జవాబు వెతకడం మొదలుపెడితే చాలు, ఏళ్ళ తరబడి సాగుతున్న పద్ధతి ఏదో ఒకటి కదులుతుంది. అలాంటి మనిషిని పట్టుకొచ్చి హాల్లో కూర్చోబెట్టి, పొద్దున్నే గణాంకాల పాఠం ఎత్తుకుని నల్ హైపోథెసిస్‌తో మొదలుపెట్టి, టైప్ వన్ ఎర్రర్, టైప్ టూ ఎర్రర్ మీదుగా సాయంత్రానికి రిగ్రెషన్ దాకా ఈడ్చుకెళ్ళామనుకోండి, ఆ సందేహాలన్నీ ఎక్కడివక్కడ అణిగిపోతాయి. పరిశోధన అంటే తన వార్డులో తనకొచ్చిన అనుమానం కాదనీ, అదేదో పెద్దవాళ్ళు గ్రీకు అక్షరాలతో చేసుకునే పని అనీ ఆ మనిషికి జీవితాంతం గుర్తుండిపోతుంది.

అణచకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? మందులెక్కించడానికి చేతి సిరలోకి గుచ్చిన క్యాన్యులా గొట్టం చక్కగా పనిచేస్తున్నా సరే, మూడు నాలుగు రోజులకోసారి పీకేసి కొత్తది పెట్టాలన్నది చాలా చోట్ల రూలు. పెట్టకపోతే సిర వాస్తుందని భయం. పేషెంటు "బాగానే ఉంది కదా సిస్టర్, మళ్ళీ గుచ్చడం ఎందుకు" అంటే "రూలండీ" అని చెప్పి గుచ్చడం ఆనవాయితీ. ఆస్ట్రేలియాలో క్లెయిర్ రికార్డ్ అనే నర్సు దీంతో ఊరుకోలేదు. ఆమె, ఆమె బృందం కలిసి క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 3,283 మంది రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి గడువు ప్రకారం మార్చి, రెండో గుంపుకి అవసరం పడినప్పుడే మార్చి చూశారు. సిర వాపు ఇక్కడా 7 శాతమే, అక్కడా 7 శాతమే. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రిక దాన్ని అచ్చేసింది కూడా. చూశారా, నిక్షేపంలా ఉన్న రూలు కాస్తా పాయె. ఆమెను ముందే మన వర్క్‌షాప్‌లో ఓ రెండు రోజులు కూర్చోబెట్టి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేదా?

ఇంతకన్నా ఘోరం 1989లో జరిగింది. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్ళలో కొందరికి గుండె లయ తప్పుతుంటుంది, లయ తప్పినవాళ్ళు ఎక్కువగా చనిపోతారు, కాబట్టి లయ సరిచేసే మందు ఇస్తే బతుకుతారు. ఇందులో వంక పెట్టడానికి ఏముంది? డాక్టర్లు నమ్మకంగా రాస్తున్నారు, ఈసీజీలు కూడా ముచ్చటగా వస్తున్నాయి. ఇంతలో కొందరు, లయ కుదిరింది సరే, మనిషి బతుకుతున్నాడా అని అడిగారు. అడిగి ఊరుకోక పెద్ద ట్రయల్ పెట్టారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకన్నా ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే లయ మందులు వేసుకున్నవాళ్ళే ఎక్కువమంది చనిపోతున్నారని తేలి, ఆ మందుల్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఒక్క ప్రశ్న వల్ల ఎంతమంది డాక్టర్లకి మనశ్శాంతి పోయిందో ఆలోచించండి.

అందుకే శిక్షణలో ప్రశ్నలకి ఒక క్రమశిక్షణ ఉంటుంది. "ప్రశ్నలన్నీ సెషన్ చివర్లో" అంటారు. ప్రారంభోత్సవం, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి తన చిన్ననాటి కష్టాలు చెప్పడం అయ్యాక సెషన్ ఎలాగూ గంట ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి దానికి చివర అంటూ ఉండదు. స్లైడు మీద నలభై లైన్లుంటాయి, వెనక వరసలోవాళ్ళకి వాటి రంగు మాత్రం తెలుస్తుంది. "ఇది కాస్త బిజీ స్లైడు, వదిలేద్దాం" అని వక్త తనే అంటాడు. మరి పెట్టడమెందుకు అని ఎవరూ అడగరు. ఆపాటికి శిక్షణ పనిచేయడం మొదలైందన్నమాట.

తర్వాత పి వాల్యూ వస్తుంది, అంటే అసలు తేడా ఏమీ లేకపోయినా ఇలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశమెంతో చెప్పే అంకె. 0.05 కన్నా తక్కువైతే పండగ, ఎక్కువైతే గైడ్ ముఖం చూడలేం. 0.05 ఎందుకు, 0.06 ఎందుకు కాకూడదు అని ఓ కుర్ర డాక్టరు అడిగితే అది కూడా సెషన్ చివరికే వెళ్తుంది. నిజానికి జవాబు చాలా చిన్నది. 1925లో ఫిషర్ అనే గణాంకవేత్త, ఇరవైలో ఒకటి అన్న హద్దు సౌకర్యంగా ఉంటుందన్నాడు. అంతే. ఆయన సౌకర్యం మన శిలాశాసనమైంది. ఫలితం ఈ హద్దు దాటిందా లేదా అన్నదొక్కటే చూసి తీర్మానాలు చేసేయకండి బాబూ అని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటన ఇచ్చి మరీ మొత్తుకుంది. వాళ్ళదేం పోయింది, స్లైడ్లు మార్చాల్సింది మేం కదా.

డేటా ఎలా ఎక్కించాలో మాత్రం మేం నేర్పం, అది గుమాస్తా పని. కాబట్టి శిక్షణ పొందినవాళ్ళ ఎక్సెల్ షీట్ తెరిస్తే లింగం అన్న కాలమ్‌లో ఒకచోట 'ఎం', ఒకచోట 'మేల్', ఇంకోచోట 'మేల్' తర్వాత కంటికి కనపడని ఖాళీ ఒకటి ఉంటాయి, మగవాళ్ళు మూడు రకాలని సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. వయసు కాలమ్‌లో ఒకాయనకి 450 ఏళ్ళు, పైగా ఆయన వల్లే సగటు వయసు బాగా వచ్చిందని అందరికీ సంతోషం. మనల్ని ఎవరూ వెక్కిరించే పని లేదు లెండి, ఎంతటివాళ్ళకైనా ఎక్సెల్ ముందు ఇదే గతి. సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లు టైప్ చేస్తే అది వాటిని సెప్టెంబర్ 2, మార్చి 1 చేసేస్తుంటే, ఏళ్ళ తరబడి చూసి చూసి, చివరికి 2020లో శాస్త్రవేత్తలు జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఇంత జరిగాక కూడా మొదటి రోజు ఓ గంట డేటా ఎంట్రీకి ఇవ్వొచ్చు కదా అంటే, ప్రారంభోత్సవం ఎక్కడ పెట్టుకోమంటారు?

డేటా అంతా పోగయ్యాక స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్ళాలి. ముందు వెళ్తే మీ ప్రశ్నేంటి, ఎంతమంది కావాలి, ఎవరితో పోలుస్తారు అని నానా యాగీ చేస్తాడు. పెళ్ళయ్యాక జాతకాలు చూపించుకున్నట్టు అన్నీ అయిపోయాక వెళ్ళి "సార్, కాస్త పి వాల్యూ వచ్చేలా చూడండి" అంటే ఆయనకీ సుఖం, మనకీ సుఖం. ప్రయోగం పూర్తయ్యాక గణాంకవేత్తని పిలవడమంటే తరచూ పోస్ట్‌మార్టం చేయమని అడగడమేనని అదే ఫిషర్ 1938లో అన్నాడు. పోస్ట్‌మార్టం అయితే ఏం, వైద్యులకి కొత్తా?

జాతకాలంటే గుర్తొచ్చింది. మొత్తం మీద ఫలితం రాకపోతే ఆడవాళ్ళలో చూడు, అరవై దాటినవాళ్ళలో చూడు, షుగర్ ఉన్నవాళ్ళలో చూడు, ఎక్కడో ఒకచోట 0.05 తగలకపోదు అన్నది మా శిక్షణలో అనుభవజ్ఞులు చెవిలో చెప్పే రహస్యం. 1988లో వచ్చిన ఐసిస్-2 అనే ట్రయల్‌లో 17 వేల మందికి పైగా గుండెపోటు రోగుల మీద ఆస్పిరిన్ ప్రాణాలు నిలుపుతుందని బ్రహ్మాండంగా తేలింది. అలా తేలాక, ఇలా ముక్కలు కోసుకుంటూ పోతే ఎంత అసంబద్ధం బయటికొస్తుందో చూపించడానికి పరిశోధకులు రోగుల్ని రాశుల వారీగా విడగొట్టారు. మిథున, తులా రాశుల వాళ్ళకి ఆస్పిరిన్ వల్ల లాభం లేకపోగా కాస్త నష్టమే అని వచ్చింది. వాళ్ళు దాన్ని హెచ్చరికగా రాశారు, ఎంత అమాయకులో. మా దగ్గర శిక్షణ పొందినవాడైతే అందులోంచి రెండు పేపర్లు తీసి, వృశ్చిక రాశి మీద మరింత పరిశోధన అవసరం అని ముగించేవాడు.

పేపర్ వేయడం ఎలాగన్న బెంగ అక్కర్లేదు. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి సైన్స్ పత్రిక తరఫున, క్యాన్సర్‌కి కొత్త మందు దొరికిందంటూ కావాలని తప్పులతో ఓ దొంగ పేపర్ తయారుచేసి 304 జర్నళ్ళకి పంపితే 157 జర్నళ్ళు పుచ్చుకున్నాయి. సగానికి పైనే. ఏ పరీక్షలోనైనా ఇది పాసే కాదూ? తర్వాత తప్పు బయటపడి జర్నల్ పేపర్‌ని వెనక్కి తీసుకుంటుందేమో అన్న టెన్షన్ కూడా వద్దు, 2023 ఒక్క ఏడాదిలోనే అన్ని శాస్త్రాల్లో కలిపి పదివేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు, ఒక్క ప్రచురణ సంస్థవే 8 వేల పైచిలుకు. అంతమందిలో మనల్ని ఎవరు గుర్తుపడతారు. ఇక రచయితల వరస అంటారా, రాసినవాడు మధ్యలో, రాయనివాళ్ళు మొదటా చివరా, రాత్రిళ్ళు మేలుకుని ఫారాలు నింపిన సిస్టర్ పేరు కృతజ్ఞతల్లో, అదీ స్పెల్లింగ్ తప్పుతో. ఉన్న శిక్షణ మొత్తంలో ఎవరూ నిద్రపోకుండా వినే సెషన్ ఇదొక్కటే.

ఇంత చక్కగా సాగుతుంటే కొన్నిచోట్ల కుట్ర మొదలైంది. వచ్చినవాళ్ళందరినీ పొద్దున్నే తలో కాగితం మీద తమ వార్డులోంచి ఒక సందేహం రాయమంటున్నారట. తర్వాత లైబ్రేరియన్ పక్కన కూర్చోబెట్టి దానికి ఇప్పటికే ఎవరైనా జవాబు కనుక్కున్నారేమో వెతికిస్తున్నారట, దొరికితే "హమ్మయ్య, కొత్త పరిశోధన అక్కర్లేదు, ఇదే అమలు చేద్దాం" అని సంబరపడుతున్నారట. దొరక్కపోతే, డేటా ఒక్క గడి కూడా నింపకముందే స్టాటిస్టీషియన్‌ని పిలుస్తున్నారట! ఇలాగైతే పేపర్లు తగ్గిపోవూ? డగ్లస్ ఆల్ట్‌మన్ అనే స్టాటిస్టీషియన్ 1994లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సరిగ్గా ఇదే కోరాడు, పరిశోధన తగ్గాలి, మెరుగవ్వాలి, సరైన కారణాల కోసం జరగాలి అని. ఆ మూడో షరతు ఒక్కటి పెట్టినా మా హాలు ఖాళీ అయిపోతుంది.

మా శిక్షణ పనిచేస్తుందనడానికి రుజువు కావాలంటే ఉంది. పొద్దున్న ప్రీ టెస్ట్, సాయంత్రం పోస్ట్ టెస్ట్, రెండింట్లోనూ అవే ప్రశ్నలు, మధ్యాహ్నం జవాబులు చెప్పేస్తాం. మార్కులు విపరీతంగా పెరిగాయి, పి వాల్యూ 0.001 కన్నా తక్కువ. పేపర్ రాసి పంపబోతుంటే, మరి శిక్షణ తీసుకోనివాళ్ళ గుంపు ఏదండీ, ఆర్నెల్ల తర్వాత తీసుకున్నవాళ్ళకి ఏం గుర్తుందో చూశారా అని ఓ ఫిజియోథెరపిస్ట్ అడిగింది. మంచి ప్రశ్న అని అందరం మెచ్చుకుని, ఆమెను వచ్చే వర్క్‌షాప్ ఆర్గనైజింగ్ కమిటీలో వేశాం. బ్యానర్లు, మెమెంటోలు, ఫైల్ ఫోల్డర్లు ఆమే చూసుకుంటోంది. మళ్ళీ ఏమీ అడగలేదు.