చిన్నదాన్ని హాస్టల్‌కి పంపాలా, ఫోన్ ముందు కూర్చోబెట్టాలా?

మా చిన్నమ్మాయి ఈ ఏడు ఇంటర్ బైపీసీ పాసైంది. వాళ్ల నాన్న అన్నం తింటూ ఒక మాట అనేశారు: "డిగ్రీ ఆన్‌లైన్‌లో చేయిద్దాం. హాస్టల్ ఖర్చు తప్పుతుంది, ఆడపిల్ల కళ్ల ముందు ఉంటుంది." ఆ ఆదివారం మా తమ్ముడు, మా పెద్దమ్మాయి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. తమ్ముడు ఇరవై ఆరేళ్లుగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాడు. పెద్దది గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో లెక్కలు చూస్తూ, నాలుగేళ్ల కొడుకుని పెంచుకుంటూ, ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ చదువుతోంది. నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. ఇద్దరి మాటా తీసెయ్యలేక, విన్నది విన్నట్టు రాసిపెట్టుకున్నాను. కింద మావయ్య అంటే మా తమ్ముడు, మేనకోడలు అంటే మా పెద్దది.

మావయ్య: బావగారు చెప్పింది ఖర్చు లెక్క, కాదనను. కానీ బైపీసీ పిల్లకి ఫోన్లో డిగ్రీ అంటే నాకు మనసొప్పట్లేదమ్మా. టైట్రేషన్, అదే ఒక ద్రావణంలో ఇంకోటి చుక్క చుక్కగా వేసి కొలిచే ప్రయోగం, ఎలా నేర్పుతారు అందులో?

మేనకోడలు: వీడియోలో చూపిస్తారు మావయ్యా. ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

మావయ్య: చూడటం వేరు తల్లీ. ఎడమ చేత్తో బ్యూరెట్, అంటే ఆ కొలత గీతల గాజు గొట్టం, కాక్ తిప్పాలి, కుడి చేత్తో ఫ్లాస్క్ ఊపుతూ ఉండాలి. ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబీ రంగుకి తిరిగి అలాగే నిలవాలి. ఒక్క చుక్క ఎక్కువ పడిందా, రాణీ రంగు వచ్చేస్తుంది. మళ్లీ మొదటికి. మొదటి నెలలో అందరూ ఆ చుక్క దాటేస్తారు. నేను పిల్లల వెనకాల నిలబడి వాళ్ల వేళ్లు చూస్తుంటా. రంగు వచ్చి మాయమవడం కాస్త ఆలస్యమైతే "ఇక చుక్క చుక్కగా" అంటా, అంతే. రెండో నెలకి ఆ మాట కూడా అక్కర్లేదు, వాళ్ల చేతికే తెలుస్తుంది. ఆ చెయ్యి ఎవరిస్తారు ఆన్‌లైన్లో?

మేనకోడలు: ల్యాబ్ సంగతిలో నీతో వాదించను. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం లాంటివి పూర్తిగా ఆన్‌లైన్లో ఇవ్వకూడదని యూజీసీ, అదే యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే సంస్థ, 2020 నిబంధనల్లోనే రాసింది. కానీ డిగ్రీ అంటే ల్యాబ్ ఒక్కటేనా? నా సంగతి విను. నేను డిగ్రీ ఫస్టియర్ కాలేజీలోనే చదివాను కదా. తెలుగు మీడియం నుంచి వెళ్లినదాన్ని, స్టాటిస్టిక్స్ సార్ గబగబా ఇంగ్లిషులో చెప్పి "అండర్‌స్టాండ్?" అనేవారు. అందరూ "ఎస్ సార్" అనేవాళ్లు. నేనూ అనేదాన్ని. అర్థం కాలేదని చెయ్యెత్తితే వెనక బెంచీ నవ్వుతుందని భయం. ఏడాదంతా అలాగే గడిచిపోయింది, తర్వాత పెళ్లి.

మావయ్య: అప్పుడు నాతో చెప్పాల్సింది.

మేనకోడలు: చెప్పడానికి కూడా సిగ్గేసింది మావయ్యా. ఇప్పుడు చూడు. రాత్రి పదకొండింటికి పిల్లాడు పడుకున్నాక ఇయర్‌ఫోన్ పెట్టుకుంటా. స్టాండర్డ్ డీవియేషన్ పాఠం, స్పీడు ముప్పావుకి తగ్గించి, పద్నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. పద్నాలుగోసారి కూడా ఆయన మొదటిసారి చెప్పినట్టే చెప్పారు. విసుక్కోలేదు. నాకు లెక్కలు రావని పదేళ్లు నమ్మాను. తీరా చూస్తే లెక్కలు కాదు, ఆ వేగం అందలేదు.

(ఈ మాట అంటున్నప్పుడు దాని గొంతు వణికింది. కన్నతల్లిని, నాకూ ఇవాళే తెలిసింది.)

మావయ్య: అది మా పంతుళ్ల తప్పే. ఒప్పుకుంటా. అయినా అమ్మా, నువ్వు ఎందుకు చదువుతున్నావో నీకు తెలుసు. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఆ కసి ఎక్కడ నుంచి వస్తుంది? నీతో మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది మిగిలారు?

మేనకోడలు: మా వాట్సాప్ గ్రూపులో సగం మంది కూడా లేరు డిప్లొమా దాకా వచ్చేసరికి. నిజమే.

మావయ్య: చూశావా! కాలేజీలో పిల్లవాడు వారం రాకపోతే నేను అడుగుతా, పక్కవాడు అడుగుతాడు, క్యాంటీన్ వాడు కూడా అడుగుతాడు. ఫోన్లో వీడియో ఆపేస్తే అడిగే దిక్కు లేదు.

మేనకోడలు: కానీ ఆగినవాళ్లంతా ఓడిపోయినవాళ్లు కాదు మావయ్యా. ఇందులో ఫౌండేషన్ అయితే సర్టిఫికెట్, ఆ పైన డిప్లొమా, తర్వాత బీఎస్సీ, చివర బీఎస్. ఎక్కడ ఆగినా చేతికి ఒక కాగితం వస్తుంది. టర్ముకి ఎన్ని కోర్సులు తీసుకుంటే అన్నింటికే ఫీజు. డబ్బు లేని టర్ము ఆగొచ్చు. బాబు పుట్టినప్పుడు కాలేజీలో ఉంటే నాకు టీసీ ఇచ్చి పంపేసేవాళ్లు.

మావయ్య: పరీక్షలో? ఇంట్లో కూర్చుని పుస్తకం చూసి రాసే పరీక్షకి ఏం విలువుంటుంది?

మేనకోడలు: ఇంట్లో కాదు. పొద్దున్నే రైలెక్కి విజయవాడ సెంటర్‌కి వెళ్లి రాసొస్తా. క్విజ్‌లూ అక్కడే, ఫైనలూ అక్కడే. మొన్న నా పక్క సీట్లో రిటైరైన పెద్దాయన ఒకాయన, ఇటు పక్క ఇంటర్ అయిన కుర్రాడు. ముగ్గురం ఒకే పేపర్ రాశాం. నీ కాలేజీలో అలాంటి బెంచీ ఉందా?

మావయ్య: లేదు. బాగుంది, అది బాగుంది. కానీ అన్ని ఆన్‌లైన్ కోర్సులూ అలా జరగట్లేదు. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సులు పెట్టే స్వయం పోర్టల్ 2017లో మొదలైంది, ఐఐటీల వీడియో పాఠాలు, అదే ఎన్పీటీఎల్, అంతకు చాలా ముందు నుంచీ ఉన్నాయి. ఐఐటీ ప్రొఫెసర్ చెప్పే పాఠం మారుమూల ఊళ్లో పిల్లాడు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. చాలా గొప్ప పని. ఒక సెమిస్టర్లో నలభై శాతం దాకా కోర్సులు స్వయంలో చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021లో యూజీసీ చెప్పింది. అంతకుముందు అది ఇరవై శాతమే. ఇక చూసుకో, నాకు తెలిసిన ఒక ప్రైవేటు కాలేజీలో ఏం చేశారంటే, పాఠం చెప్పే లెక్చరర్‌ని మానిపించి "ఈ పేపర్ ఎన్పీటీఎల్‌లో చేసుకోండి" అన్నారు. ఆ పిల్లలు వీడియో తెరవరు. వారం వారం అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్‌లో వస్తాయి, నొక్కేస్తారు. పన్నెండు వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లే లెక్క, వాటికి పాతిక మార్కులు. ఆ పాతికా అలా వచ్చేస్తాయి. మిగతా డెబ్బై ఐదూ హాల్లో రాయాల్సివచ్చేసరికి ఆ పిల్లల్లో ఒకడు తెల్లమొహం వేశాడు.

మేనకోడలు: అందులో తప్పు వీడియోదా, జీతం మిగుల్చుకున్న యాజమాన్యానిదా?

మావయ్య: యాజమాన్యానిదే. కానీ ఆన్‌లైన్ ఉండబట్టే కదా వాళ్లకా వీలు దొరికింది!

మేనకోడలు: దూరవిద్య వచ్చినప్పుడు కూడా ఇలాగే అని ఉంటారు మావయ్యా. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 1982లో పెట్టారు. ఇప్పుడు అంబేద్కర్ పేరు మీద ఉన్నది. అది లేకపోతే ఎంతమంది కానిస్టేబుళ్లకి, అంగన్‌వాడీ టీచర్లకి డిగ్రీ వచ్చేది?

మావయ్య: నాకు చెబుతున్నావా? వాళ్ల స్టడీ సెంటర్లో పదేళ్లు ఆదివారం క్లాసులు చెప్పాను! నైట్ డ్యూటీ చేసి యూనిఫాం మీదే వచ్చేవాడొకడు. నిద్ర ఆపుకోలేక నిలబడి వినేవాడు. వాళ్ల మీద నాకున్న గౌరవం రెగ్యులర్ పిల్లల మీద కూడా లేదు. కానీ గమనించు, అందులో ఆదివారం ఉంది. వారానికోసారైనా మనిషి ఎదురుగా మనిషి కూర్చునేవాడు. కరోనాలో నేను గూగుల్ మీట్‌లో క్లాసు చెప్పాను. తెర మీద అరవై పేర్లు, ఒక్క మొహం లేదు. ఒకడు రోజూ ఠంచనుగా హాజరయ్యేవాడు. తర్వాత తెలిసింది, ఫోన్ జేబులో పెట్టుకుని మిర్చి బస్తాలు మోస్తున్నాడని. వాణ్ని తిట్టాలా, కౌగిలించుకోవాలా? క్లాసులో ఉంటే వాడి చేతులు చూసి అడిగేవాణ్ని.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను కాఫీ పెట్టి తెచ్చాను.)

మావయ్య: ఇంకోటి చెప్తా, ఏమీ అనుకోకు. బావగారు అన్న మాటలో నాకు గుచ్చుకున్నది ఖర్చు కాదు. "ఆడపిల్ల కళ్ల ముందు ఉంటుంది" అన్నారు చూడు, అది. మా కాలేజీలో ఈమధ్య సీటొచ్చి చేరని ఆడపిల్లల ఇళ్లకి ఫోన్ చేస్తున్నాం. "ఆన్‌లైన్‌లో చదువుతుంది లెండి సార్" అంటున్నారు. ఇదివరకు చదువు మాన్పించారని నలుగురూ అంటారేమోనన్న జంకైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. పిల్ల ఇంట్లో గిన్నెలు తోముతుంది, ఫోన్లో వీడియో దాని మానాన అది నడుస్తుంది. నీకు ఆన్‌లైన్ ఇంట్లోంచి బయటికి దారి చూపించింది. చిన్నదానికి అదే ఇంట్లో గొళ్లెం పెట్టేలా ఉంది.

మేనకోడలు: ...అది నేను ఆలోచించలేదు మావయ్యా. నేను పరీక్షకి ఒంటరిగా రైలెక్కిన రోజే నాకు చదువుతున్నట్టు అనిపించింది.

మావయ్య: మరి!

మేనకోడలు: ఉండు. అంత తొందరగా ఒప్పుకోను. దాన్ని కాలేజీకే పంపుదాం, నాన్నతో నేను మాట్లాడతా. హాస్టల్ ఫీజులో సగం నేనిస్తా. దాని బోటనీ రికార్డు చూశావా నువ్వు? కాండం అడ్డుకోత బొమ్మలో ఒక్కో కణం విడివిడిగా గీసింది, ఎవరూ అడక్కుండా. మైక్రోస్కోప్ లేకుండా దాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం పాపమే. కానీ నిజం చెప్పు. మీ డిపార్ట్‌మెంట్లో పోస్టులెన్ని?

మావయ్య: నాలుగు.

మేనకోడలు: ఉన్నది?

మావయ్య: ...ఇద్దరం. ఒక గెస్ట్ లెక్చరర్ వస్తున్నాడు, సెమిస్టర్ సగమయ్యాక.

మేనకోడలు: మరి ఆ లేని రెండు పోస్టుల పాఠాలు దానికెవరు చెబుతారు? అక్కడ నీకు మళ్లీ నా ఫోనే దిక్కు. ఎన్పీటీఎల్‌లో కెమిస్ట్రీ కోర్సులు నేను చూసి పెడతా. వినేది హాస్టల్ గదిలో ఒంటరిగా కాదు. మీ క్లాసురూములోనే తెర మీద వేసి, మధ్యలో ఆపి నువ్వు తెలుగులో చెప్పు. స్పీడు ముప్పావుకి తగ్గించు. "అండర్‌స్టాండ్?" అని మాత్రం అడక్కు.

మావయ్య: ఏమని అడగమంటావ్?

మేనకోడలు: "ఎక్కడ ఆపమంటారు?" అని అడుగు.

మా తమ్ముడు జేబులోంచి పెన్ను తీసి ఆ మాట అరచేతి మీద రాసుకున్నాడు. విద్యార్థిగా ఉన్నప్పటి అలవాటు వాడికది. డిగ్రీ కాలేజీ ఎంచుకునే వెబ్ ఆప్షన్లకి ఇంకా నాలుగు రోజుల టైముంది. చిన్నది తలుపు పక్కన నిలబడి అంతా వింటోందని అప్పుడే చూశాం.

"రేపు పొద్దున తొమ్మిదికి ల్యాబ్ తాళం తీయించి ఉంచుతా," అన్నాడు దానితో. "నాన్నని కూడా తీసుకురా. బ్యూరెట్ నేను కడిగి పెడతా."