ఓవెన్‌గారి రంగులూ మా పులిహోరా

గుంటూరులో జీవితమంతా పత్తి వ్యాపారం చేసిన మా మామయ్యగారికి స్కాట్లండ్ కోటలు ఆనలేదు. "మిల్లేదైనా ఉంటే చూపించు బాబూ" అన్నారు. గ్లాస్గో నుంచి ఎంతో దూరం లేదు కదా అని, క్లైడ్ నది లోయలోని న్యూ లానార్క్‌కు బయల్దేరాం.

కారు గుట్టమీద ఆపి, ఏటవాలు దారిలో ఊళ్లోకి దిగాలి. "క్యారియర్ సంగతి నేను చూసుకుంటా, మీరు నడవండి" అన్నారు మామయ్యగారు.

1785లో డేవిడ్ డేల్ మొదలుపెట్టిన నూలు మిల్లుల ఊరు ఇది. యంత్రాలను నడిపింది ఆ నది నీళ్లే. తర్వాత రాబర్ట్ ఓవెన్ భాగస్వాములతో కలిసి వాటిని కొని, డేల్ కూతుర్ని పెళ్లాడి, పదేళ్లలోపు పిల్లల్ని పనికి కాక బడికి పంపాడు.

"అల్లుడంటే అదీ!" అన్నారు మామయ్యగారు.

"మామగారి మిల్లును డబ్బిచ్చి కొన్నాడండీ."

"అందుకే అంటున్నా."

లోపల మా ఆవిడకు నచ్చింది మాత్రం ఒక చెక్కముక్క. పనివాళ్లను తిట్టకుండా, కొట్టకుండా దారిలో పెట్టడానికి ఓవెన్ ప్రతి ఒక్కరి దగ్గరా నాలుగు ముఖాల కొయ్య వేలాడదీయించాడట. నిన్నటి పని చెడ్డదైతే నలుపు, అంతంతమాత్రమైతే నీలం, బాగుంటే పసుపు, అద్భుతమైతే తెలుపు. దాని పేరే మౌన పర్యవేక్షకుడు. మా ఇంటికి రంగులొచ్చాయి గానీ మౌనం రాలేదు. మెట్ల మీద నేను జారితే "నీలం!" అంది. ఫొటోలో అత్తయ్యగారి తల తెగితే "నలుపు!"

ఒంటిగంటకు అందరికీ ఆకలేసింది. మామయ్యగారి చేతిలో గొడుగుంది, భుజాన కెమెరా ఉంది. క్యారియర్ కారులోనే ఉండిపోయింది.

"నాన్నా, నలుపు!" అంది మా ఆవిడ.

రంగు నచ్చని పనివాడు ఓవెన్ దగ్గరే అప్పీలు చేసుకోవచ్చట. మామయ్యగారు అత్తయ్యగారికి చేసుకున్నారు. తీర్పు క్షణంలో వచ్చింది: ఆయన నలుపు ఖాయం, గుట్ట ఎక్కాల్సింది అల్లుడు.

సన్నటి వానలో ఎక్కాను, దిగాను. నదీ జలపాతాల అందం గురించి అడక్కండి, నాకు కనబడింది చెప్పుల ముందున్న బురద.

తడిసిన బల్లమీద మూత తీశాం. మామయ్యగారు రెండు ముద్దలు తిని, కళ్లు మూసుకుని "పసుపు" అన్నారు.

అత్తయ్యగారి మొహం మాడిపోయింది. "తెల్లవారుజామున లేచి కలిపితే పసుపేనా? తెలుపు ఇవ్వలేకపోయారూ?"

"తెలుపిస్తే దద్దోజనమనుకుంటారే" అన్నారు మామయ్యగారు, మూడో ముద్ద అందుకుంటూ.